గృహక్రయమున తొందర తగదు
(బెంగుళూరు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. నేటి బెంగుళూరులో కట్టుటకంటె కొనుటయే కష్టమైనది. పేటలలో తరతరములుగా నివసించిన మన కుటుంబములు పెరిగి, పాత ఇల్లు చాలక, బిడ్డలు నగరపు అంచులకు తరలుచున్నారు. మంచి ఇల్లు ఒకటి అమ్మకమునకు వచ్చినచో పదిమంది చేరుదురు. "సాయంత్రములోగా బయానా ఈయనిచో రేపు మరియొకరు కొందురు" అని మధ్యవర్తి తొందరపెట్టును. ఆలస్యమైనచో అమృతము విషమగునని అతని మాట. నిదానమే ప్రధానమని నా మాట. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చు మార్గమొకటే: చేయవలసిన సిద్ధత ఇల్లు కంటబడక పూర్వమే చేసికొనుట.

మొదట ధనము సంగతి. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి 30 లక్షలకు పైబడి 75 లక్షలవరకు గల గృహఋణము ఇంటి విలువలో నూటికి 80 వంతులు మించరాదు. ఇల్లు 80 లక్షలైనచో బ్యాంకు ఇచ్చునది 64 లక్షలకు లోబడియే. తక్కిన 16 లక్షలు మనవి. స్టాంపు సుంకము నూటికి 5 చొప్పున 4 లక్షలు. కర్ణాటకమున నమోదు రుసుము 2025 ఆగస్టు 31 నుండి నూటికి 2 అయినందున మరి 1 లక్ష 60 వేలు. ఉపసుంకములు వేరు. అనగా చేత 22 లక్షలైనను లేనివారు ఆ ఇంటికై పోటీపడరాదు. ఈ లెక్క ముందుగా వేసికొన్నవారికి పరుల తొందర అంటదు.

రెండవది పత్రములు. విక్రేతకు హక్కు ఎట్లు సంక్రమించెనో మూలపత్రము మొదలుకొని చూడవలెను. ముప్పదియేండ్ల ఋణభార ధ్రువపత్రము, అనగా ఈసీ, తీయించవలెను. అయితే అందు కనబడునది నమోదైన వ్యవహారము మాత్రమే. దస్తావేజులు కుదువ నుంచి తెచ్చిన అప్పు కొన్ని వేళల అందు కానరాదు. కావున నకళ్లతో తృప్తిపడక అసలు పత్రములను చూపుమని కోరవలెను. ఖాతా పన్ను లెక్కకే గాని హక్కుపత్రము కాదు. ఏ-ఖాతాయో, బి-ఖాతాయో బయానాకు ముందే తెలిసికొనుడు. ముక్తారునామాపై జరిగిన అమ్మకము హక్కును బదిలీ చేయజాలదని సర్వోన్నత న్యాయస్థానము 2011లో తీర్పు చెప్పినది. హిందువుల పిత్రార్జితమైనచో, 2005 నాటి సవరణచట్టము వలన కుమార్తెలును సమభాగస్థులే. అన్నదమ్ములు సంతకము చేసిరి గదా యని ఊరకున్నచో, రేపు ఆడపడుచు న్యాయస్థానమున నిలువవచ్చును.

అపార్టుమెంటు కొనువారికి 2016 నాటి రెరా చట్టము అండ. నిర్మాణమునకు రెరా నమోదు సంఖ్య కలదేమో చూడుడు. ఒప్పందపత్రము నమోదు కాకుండ నిర్మాత వెలలో పదియవ వంతుకు మించి పుచ్చుకొనరాదు. "నేడే సగము కట్టుడు" అనువాని మాటకు ఇదియే సమాధానము. వెలను సూపర్ బిల్టప్ కొలతపై గాక, లోపల మనము మసలు కార్పెట్ వైశాల్యముపై లెక్కించి, ఇంటికి ఇంటిని పోల్చుకొనుడు.

చివరిది, మనకు ప్రత్యేకమైనది, భాష. మన పెద్దలనేకులు కన్నడము చక్కగా మాటలాడుదురు గాని చదువలేరు. పత్రము కన్నడముననో ఆంగ్లముననో ఉండును. పరులు "అన్నియు సరియే" అన్నంతనే సంతకము చేయుట మర్యాద యనిపించుకొనదు. మన ఇంటి పిల్లలు బడిలో కన్నడము నేర్చినవారు. వారిచేత ప్రతి పంక్తియు చదివించి, తెలుగున చెప్పించుకొనుడు. హద్దులు, కొలతలు, పేర్లు సరిచూడుడు. మన ఇంటిపేరు ఒక పత్రమున ముందును, ఒకదాన వెనుకను, వేరొకదాన పొడి అక్షరముగను ఉండుట పరిపాటి. ఆ తేడా ముందే దిద్దించుకొనక పోయినచో నమోదునాడు చిక్కు కలుగును. పిదప న్యాయవాదికి చూపుడు. అతని రుసుము ఇంటి వెల ముందు స్వల్పము.

ఇంత చేసినను ఒక ఇల్లు చేజారవచ్చును. చేజారిన ఇంటికై నాలుగు దినములు చింతింతుము. చిక్కులలో పడిన ఇంటికై ఇరువదియేండ్లు కంతులు కట్టుచు, న్యాయస్థానముల చుట్టు తిరుగుదుము. ఈ రెంటిలో ఏది తేలికయో మీరే నిర్ణయింపుడు.