మీ పంట నమోదైందా?

మన నెల్లూరు తీరాన నాట్లు పడే రోజులూ, తుపాను రోజులూ ఒకటే గదా. అందుకని నాటు కాగానే ఒక పని చేసిపెట్టుకోండి.

1959లో సమితులు వచ్చాక గ్రామసేవకులు ఊళ్లకు వచ్చేవారు. ఇప్పుడు రైతు సేవా కేంద్రం ఉంది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రమన్న పేరుతో మొదలైంది అదే. అక్కడి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. ఆయన చేలోకి వచ్చి ఫోటో తీసి, సర్వే నెంబరు, పంట పేరు ఈ-పంటలో ఎక్కిస్తారు. మీరు వేలిముద్ర వేయడం మరవకండి. నష్టపరిహారానికీ, పంట బీమాకీ, ధాన్యం అమ్మకానికీ అదే ఆధారం.

కౌలుకు చేసేవారు తమ పేరే ఎక్కించుకోవాలి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు గడువు 11 నెలలే. దానివల్ల భూమి హక్కుకు ఢోకా లేదని ఆసామికి నచ్చచెప్పండి.

జాబితా అంటించిన రోజే పేరు చూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పండి. సందేహమొస్తే 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను చేయండి. తెలుగులోనే చెబుతారు, ఖర్చు లేదు.

మడి మునిగాక ఫోటో తీయడానికి పైరు కనబడదు. ఈ వారమే వెళ్లిరండి.