ఒక క్లిక్కుకు ఎంత ఇవ్వగలం?

(బెంగళూరులో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరాను, గుమాస్తాగానే రిటైరయ్యాను. నాకు తెలిసిందల్లా జమాఖర్చులే. ఇంటి నుంచే ఇంటర్నెట్‌లో చీరలు, పచ్చళ్ళు అమ్ముకునే తల్లులు ఈ సభలో ఉన్నారు. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

మా అమ్మాయి విజయనగరలోని ఇంటి నుంచి మంగళగిరి చీరలు ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. సరుకు కర్ణాటకలోనే పంపుతుంది. మొదటి నెల క్లిక్కు లెక్కన డబ్బు కట్టే ప్రకటనలు ఇచ్చింది. ప్రకటన చూసి ఊరుకుంటే ఖర్చు లేదు, నొక్కితేనే ఖర్చు. నెలాఖరుకు 15 చీరలు, 22,500 రూపాయల అమ్మకం. "నాన్నా, వచ్చే నెల ప్రకటనలు రెట్టింపు చేస్తాను" అంది. ఆ డబ్బు మా మనవడి కాలేజీ ఫీజుకని దాచింది. ఏళ్ళ తరబడి లెడ్జర్లు రాసినవాణ్ణి, లెక్క అడగకుండా సరేనన్నాను. తప్పు నాదే.

ఆ రాత్రి నిద్ర పట్టక నోటుబుక్కు తీశాను. చీర ధర 1,500. కొన్నది 1,050. ప్యాకింగు, కొరియరు 100. మిగిలేది 350. నూరుమంది నొక్కితే కొన్నది ఇద్దరు. అంటే నూరు క్లిక్కులకు 700 రూపాయలు, ఒక క్లిక్కుకు 7 రూపాయలు. అంతకు మించి ఇస్తే నష్టమే. అమ్మాయి ఇచ్చింది 12. మొత్తం 750 క్లిక్కులకు 9,000 ఖర్చు, చీరల మీద మిగిలింది 5,250. నష్టం 3,750. ప్రకటనల మీద 18 శాతం జి.ఎస్.టి. దీనికి అదనం. అమ్మకం పెరిగింది గానీ చేతిలో డబ్బు తరిగింది.

పొద్దున్నే ఇద్దరం కూర్చుని, ఏ మాటలు వెతికినవారు మా ప్రకటన నొక్కారో ఆ జాబితా తీశాం. మంగళగిరి నరసింహస్వామి గుడి వేళలు వెతికినవారున్నారు. అక్కడి ఎయిమ్స్‌లో ఉద్యోగాలు వెతికినవారున్నారు. మేము సరుకు పంపలేని రాష్ట్రాలవారున్నారు. అందరికీ మేమే డబ్బు కట్టాం!

మూడు పనులు చేశాం. గుడి, ఉద్యోగం, అద్దె వంటి మాటలు వెతికితే మా ప్రకటన రాకుండా ఆపాం. కర్ణాటకలో ఉన్నవారికే కనిపించేలా పెట్టాం. క్లిక్కుకు 6 రూపాయలు, రోజుకు 100 రూపాయలు మించకూడదని హద్దు గీశాం.

విద్యార్థులకు ఒక మాట. గూగుల్ ఈ ప్రకటనలను 2000లో మొదలుపెట్టింది, 2002లో క్లిక్కు లెక్కన వేలం పద్ధతికి మార్చింది. ఈ వేలంలో ఎక్కువ పాడినవారికే పైస్థానం అని లేదు. వెతికిన మాటకు ప్రకటన, దుకాణం పేజీ ఎంత సరిపోతాయో కూడా చూస్తారు. పేజీ శుభ్రంగా ఉంటే తక్కువ ధరకే మంచి చోటు రావచ్చు. రోజు హద్దు విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఒక్కో రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు. అయితే నెల మొత్తం, రోజు హద్దుకు 30.4 రెట్లు దాటదు. ఇది తెలియక కంగారుపడేవారున్నారు.

రెండో నెల 500 క్లిక్కులు, 3,000 ఖర్చు, 18 చీరలు. చీరల మీద మిగిలింది 6,300. ప్రకటనల ఖర్చు పోను 3,300, అందులోంచే జి.ఎస్.టి. కట్టాం. చిన్న మొత్తమే, కానీ అది మాది.

అన్ని బేరాలూ క్లిక్కుల వల్లే రావు. 2007లో మన కోరమంగళలో మొదలైన ఫ్లిప్‌కార్ట్ స్థాపకులు తొలిరోజుల్లో పుస్తకాల దుకాణం ముందు నిలబడి బుక్‌మార్కులు పంచారు. వారి మొదటి కొనుగోలుదారు మహబూబ్‌నగర్ తెలుగువారే. మా అమ్మాయి ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో తన చేత్తో రాసిన చీటీ పెడుతుంది. ఆ చీటీ చూసి మళ్ళీ కొన్నవారికి ప్రకటన ఖర్చే లేదు.

పిల్లలూ, మీ అమ్మగారు ఇంట్లో ఏదైనా అమ్ముతుంటే ఈ రాత్రే ఆమె పక్కన కూర్చోండి. "ఒక్కదాని మీద ఎంత మిగులుతోంది? నూరుమంది వస్తే ఎందరు కొంటున్నారు?" అని అడగండి. మీరు చదివే కామర్సు ముందు మీ ఇంటికి అక్కరకు రావాలి. తల్లిదండ్రులకు నా మనవి, ఫీజు డబ్బును ప్రకటనల్లో పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి.