నాయకత్వానికి పరీక్ష ఎక్కడ?



పోలీసు అధికారులకు నాయకత్వ శిక్షణ ఇచ్చి, చివర సర్టిఫికెట్ చేతికివ్వడం మామూలైంది. జాతీయ పోలీసు అకాడమీ ఉన్నది మన హైదరాబాదులోనే. 2013లో అరుణా బహుగుణ దానికి తొలి మహిళా డైరెక్టరుగా నియమితులయ్యారు. సంతోషం. కానీ అదే నగరంలో 1978లో నల్లకుంట పోలీసులు రమీజాబీపై అత్యాచారం చేశారని, ఆమె భర్తను కొట్టి చంపారని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. అయినా 1981లో రాయచూరు కోర్టు వాళ్ళను నిర్దోషులంది.

ఈ బీరంగూడ నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు వెళ్ళే స్త్రీ, షిఫ్టు దిగి ఫిర్యాదుకు వస్తే "మా పరిధి కాదు" అనకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పోలీసుశిక్షార్హ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఎఫ్.ఐ.ఆర్. రాయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం వంటి కేసుల్లో రాయని అధికారికి న్యాయ సంహిత 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు కఠిన జైలుశిక్ష.

సర్టిఫికెట్‌కు అసలు పరీక్ష స్టేషను బల్ల దగ్గరే. ఎందరి ఫిర్యాదు రాసుకున్నారు, ఎందరిని తిప్పి పంపారు? ఆ లెక్క మన సంఘాలే రాసి పెట్టాలి. ప్రతి మూడు నెలలకూ అధికారుల ముందుంచి జవాబు అడగాలి.