పచ్చబొట్టు, ప్రభుత్వ కొలువు



నిజాంపేట తండాల్లో మన నాయనమ్మల చేతుల మీద పచ్చబొట్లు చూస్తూ పెరిగాం. అవి మన గుర్తు, సిగ్గుపడాల్సినవి కావు. కానీ కొలువుకు నిబంధనలున్నాయి. ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్ నియామకాల్లో సెల్యూట్ కొట్టని ఎడమ ముంజేయి లోపలివైపు, లేదా చేతుల వెనుకవైపు ఉన్న పచ్చబొట్టునే ఒప్పుకుంటారు. అదీ ఆ భాగంలో నాలుగో వంతుకన్నా తక్కువే ఉండాలి. సైన్యం గిరిజనుల ఆచారపు పచ్చబొట్లకు సడలింపు ఇస్తుంది. సరదాగా మెడ మీద వేయించుకున్న టాటూ ఆచారం కాదు కదా!

5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తి నెగ్గిన పిల్లాడు మెడికల్‌లో టాటూ వల్ల వెనుదిరిగితే ఇంటిల్లిపాదికీ దుఃఖమే. అందుకే ముందు నోటిఫికేషన్ చదువుదాం, సూది సంగతి తర్వాత చూద్దాం.

జై సేవాలాల్!