నీటి క్రింద ఊపిరి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు ఊళ్లును సముద్రమట్టమునకు సుమారు రెండువేల అడుగుల ఎత్తున ఉన్నవి. చెరువు నిండినచో సంబరము, బావి ఎండినచో దిగులు. ఇంతకు మించి నీటితో ఇక్కడివారికి నిత్యవ్యవహారము లేదు. ఇట్టి మెట్టసీమ వారికి జలాంతర్గామి ముచ్చట ఎందులకని శ్రోతలు కొందరు అనుకొనవచ్చును. కాని 1914లో ఈ ఊళ్లు మద్రాసు రాజధానిలోనివి. ఆ యేడు సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసుపై గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు ట్యాంకులను తగులబెట్టినది. వేలాది జనము పట్టణము విడిచి లోనాడులకు తరలినారు. ఎమ్డెన్ పేరు దక్షిణదేశమంతట మారుమ్రోగినది.

అదే దినము ఉదయము, ఎక్కడో ఉత్తర సముద్రములో, మరొక జర్మను నావ చడీచప్పుడు లేకుండ చేసిన పని నౌకాయుద్ధపు తీరునే మార్చివేసినది. దాని పేరు యు-9. నేడు మేము చెప్పదలచినది ఆ నావను గురించియే.

యు-9 డాన్‌జిగ్ రేవులోని ప్రభుత్వ నౌకాశాలలో నిర్మాణమై 1910లో సేవలో చేరినది. పొడవు 57 మీటర్లు. కుప్పం స్టేషనులో ఆగు రైలుబండి పెట్టెలు మూడు కలిపినంత పొడవు కూడ లేదు. అందులో సుమారు ముప్పదిమంది మనుష్యులు, ఇంజన్లు, బ్యాటరీలు, ఆరు టార్పెడోలు ఇమిడి ఉండవలెను.

మునుగుట, తేలుట ఎట్లు? బావిలో వదలిన బిందె నీరు నిండగా మునుగుట మనమెరిగినదే. ఆ బిందె తాను త్రాగిన నీటిని తానే వెళ్లగ్రక్కి పైకి రాగలిగినచో అదియే జలాంతర్గామి. నావలోని తొట్లలోనికి సముద్రపు నీటిని రానిచ్చిన బరువెక్కి మునుగును. బిగించి నిలువచేసిన గాలితో ఆ నీటిని బయటికి నెట్టిన తేలును.

ఇక నడచుటకు దానికి రెండు శక్తులు. నీటిపై కిరసనాయిలు ఇంజన్లు, నీటి క్రింద బ్యాటరీలతో తిరుగు విద్యుత్ మోటార్లు. నూనె మండుటకు గాలి కావలెను గదా! మునిగిన నావలోని గాలి మనుష్యుల ఊపిరికే చాలీచాలనిది. మన పల్లెలలో లాంతరులో పోసిన కిరసనాయిలే ఆ ఇంజన్లకును ఆహారము. పగలు దట్టమైన పొగ, రాత్రి నిప్పురవ్వలు వెడలుచుండెడివి. దాగుటకై పుట్టిన నావ నీటిపై నున్నంతసేపు తన జాడను తానే చాటుకొనెడిది.

కుప్పమునకు చేరువనున్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. అంతవరకు వేలాది కార్మికులు భూమి అడుగున పనిచేసినారు. వారిలో తెలుగువారును ఎందరో కలరు. గనిలోనికి పైనుండి గాలిని పంపు ఏర్పాటుండెడిది. జలాంతర్గామికి ఆ వసతి లేదు. తలుపు బిగించిన క్షణమున లోపల ఎంత గాలి ఉన్నదో అంతటితోనే గడుపుకొనవలెను. బ్యాటరీ తరిగినచో పైకి వచ్చి ఇంజను నడిపి మరల నింపుకొనవలెను. కావున ఆనాటి జలాంతర్గామి కొంతసేపు మాత్రమే దాగగల పడవ.

ఆ ఉదయము అబూకిర్, హోగ్, క్రెస్సీ అను మూడు బ్రిటిష్ క్రూయిజర్లు హాలండు తీరమునకు దూరముగా, మందగమనమున, వంకరలేని దారిని పోవుచుండెను. యు-9 నాయకుడు ఒట్టో వెడిగెన్ వానిని పెరిస్కోపు అద్దములో చూచి టార్పెడో వదలినాడు. అబూకిర్ ఒరిగినది. తమ ఓడకు తగిలినది నీటిలోని మందుపాతర అని తలచి, దాని కెప్టెన్ తక్కిన ఓడలను చేరువకు పిలిచినాడు. మునుగువారిని ఎక్కించుకొనుటకు హోగ్ ఆగినది. ఆగిన ఓడకు రెండు టార్పెడోలు తగిలినవి. అవి వెడలగానే ముందుభాగము తేలికపడి యు-9 నీటిపైకి ఎగసినది. నావను సమముగా నిలుపుటకు లోపలి నావికులే బరువుగా మారి అటునిటు పరుగిడవలసి వచ్చినది. నీటి అడుగుననే టార్పెడో గొట్టములను తిరిగి నింపు విద్యను వారు రెండు నెలల క్రిందటనే సాధించియుండిరి. కాపాడుటకు నిలిచిన క్రెస్సీయు అట్లే కూలినది. సుమారు గంటన్నరలో మూడు ఓడలు, 1,459 ప్రాణములు కడలి పాలైనవి. మృతులలో మీసములైన రాని నౌకాపాఠశాల విద్యార్థులును కలరు. బ్రతికినవారు 837 మంది.

మునుగువానికి చేయి అందించుట సర్వదేశముల నావికులకు అనాది ధర్మము. ఆ దినము హోగ్, క్రెస్సీలను ముంచినది ఆ ధర్మమే. అటుపిమ్మట అపాయమున్న నీళ్లలో పెద్ద ఓడలు సాయమునకై ఆగరాదని బ్రిటిష్ నౌకాశాఖ ఆజ్ఞాపించినది. దయను ఎరగా మార్చుట ఈ యంత్రము తెచ్చిన పెనుమార్పు. మూడు ఓడల నష్టముకంటె ఇది పెద్దదని మా అభిప్రాయము.

జర్మను చక్రవర్తి ఎమ్డెన్‌కును, యు-9కును ఇనుపశిలువ గౌరవము నొసగినాడు. ఎమ్డెన్ 1914 నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద నాశనమైనది. వెడిగెన్ 1915 మార్చి 18న యు-29 అను మరొక జలాంతర్గామిని నడుపుచుండగా, బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ దానిని ఢీకొట్టి ముంచినది. అందులో ఒక్కరును మిగులలేదు. వారికి చేయి అందించుటకు ఎవ్వరును లేకపోయిరి. యు-9 మాత్రము 1916లో యుద్ధరంగము విడిచి శిక్షణకు ఉపయోగపడి, 1918లో బ్రిటిష్‌వారికి అప్పగింపబడినది. మరుసటి యేడు దానిని ముక్కలు చేసినారు.

1969 నుండి 2001 వరకు మన నౌకాదళమున సేవచేసిన కుర్సురా జలాంతర్గామి నేడు విశాఖపట్నము సముద్రతీరమున ప్రదర్శనశాలగా నున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలనుండి అటు పోవువారు దానిలో ప్రవేశించి చూడుడు. ఇరుకైన నడవలు, ఒకదానిపై ఒకటిగా పడకలు, గోడనిండ గొట్టములు కనబడును. అది యు-9 కంటె ఎంతో పెద్దది. అయినను పైన ఇంజను, క్రింద బ్యాటరీ అను సూత్రము అదియే. అచ్చట నిలిచి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుడు. తలుపు బిగించిన పిమ్మట ఆ ఊపిరి విలువ ఎంతో అప్పుడు తెలియును.