పడనిది పడదనే చెబుదాం

రొయ్యల చెరువుల నడుమ బతికేవాళ్లం మనం. గోంగూరలో నాలుగు ఎండు రొయ్యలు పడితేనే మనకు ముద్ద దిగుద్ది. అదే రొయ్య కొందరికి పడదు. ఒళ్లంతా దద్దుర్లొచ్చి పెదాలు వాస్తే "వేడి చేసిందిలే" అని మజ్జిగ ఇచ్చేవాళ్లం. అది వేడి కాదు, ఎలర్జీ. ఉడికించినా ఆ గుణం పోదు. కొంచెం కొంచెం తింటే అలవాటవుద్దనుకోవద్దు.

పోయినేడు గ్రూపు భోజనాల్లో రొయ్యలు వేయించిన నూనెలోనే వంకాయ వేయించాం. ఒక చెల్లెలికి గొంతు పట్టేసింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి బతికింది. ఆ తప్పు మనదే.

ఇకపై మూకుడు, గరిటె, నూనె వేరుగా పెడదాం. వడ్డించే ముందు అడుగుదాం. ఊపిరాడకపోయినా, సొమ్మసిల్లినా పసరు మందులతో పొద్దుపుచ్చకుండా 108కి ఫోన్ చేద్దాం.