తెలిసిన పాట, తెలియని వరుస

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు ఒక శ్రోత జాబు వ్రాసినారు. పాశ్చాత్య సంగీత కార్యక్రమములో ఎరిక్ క్లాప్టన్ పాడిన ‘లైలా’ అను పాటను వినిపింపవలసినదని వారి కోరిక. వినిపించినాము. వారము తిరుగకముందే రెండవ జాబు వచ్చినది. “తమరు వేసినది లైలా కాదు. పేరు అదే, మాటలు అవే, పాడినవాడు కూడ అతడే. కాని నేనడిగిన పాట అది కాదు” అని అందులో ఉన్నది.

వారు చెప్పినది నిజమే. ఆ పాటకు జనాదరణ పొందిన రూపములు రెండున్నవి. వారికి కావలసినది 1970 నాటిది. నా చేతికి అందినది 1992 నాటిది. రికార్డు మార్చి మరియొకమారు వేసినచో తీరిపోవు పొరపాటే. అయినను ఆ జాబులోని మాట నా మనస్సులో నిలిచిపోయినది. పేరు, మాటలు, గాయకుడు ఒక్కటే అయినప్పుడు పాట వేరెట్లయినది? రాక్ సంగీత బృందములు తమకు పేరు తెచ్చిన పాటలనే సభలో మార్చి పాడుటయు, దానికి వినువారు ఒకప్పుడు పొంగిపోవుటయు, ఒకప్పుడు మండిపడుటయు కలదు. దానిని గురించియే ఈనాటి ప్రసంగము.

ముందుగా ఆ రెండు లైలాల సంగతి చూతము. క్లాప్టన్ 1970లో ‘డెరెక్ అండ్ ది డామినోస్’ అను బృందముతో ఈ పాటను రికార్డు చేసినాడు. అప్పటికతనికి 25 ఏండ్లు. పారసీక కవి నిజామీ వ్రాసిన లైలా మజ్నూల కథలోని నాయిక పేరే ఈ పాట పేరు. 1949లో భరణీవారి చిత్రము వచ్చినది గనుక మనకును ఆ కథ క్రొత్తది కాదు. పాట రమారమి ఏడు నిమిషములు. మొదటి భాగములో క్లాప్టన్, డ్వేన్ ఆల్‌మన్ అను ఇద్దరి విద్యుత్ గిటారులు ఒకదానిపై నొకటి విరుచుకొని పడును. గాయకుడు పాడుచున్నాడనుటకంటె మొరపెట్టుకొనుచున్నాడనుట తగును. అంతలో గాలివాన వెలిసినట్లు పియానో ఒకటి మెల్లగా వచ్చి, చివరిదాక పాటను తానే నడిపించును. బృందములో డ్రమ్ములు వాయించిన జిమ్ గోర్డన్ పేర నున్నది ఆ పియానో భాగము.

ఇరువదిరెండేండ్లకు, 1992 జనవరి 16న, క్లాప్టన్ ఇంగ్లండులోని బ్రే స్టూడియోలో ఎం.టి.వి. వారి ‘అన్‌ప్లగ్డ్’ అను కార్యక్రమమునకై కొలదిమంది ప్రేక్షకుల యెదుట కుర్చీలో కూర్చుండి, కొయ్య గిటారుపై ఈ పాటనే వాయించినాడు. ఇది ఏ పాటయో పోల్చుకొనుడని ముందుగనే వారిని కవ్వించినాడు. కాలము బాగుగా తగ్గినది. నడక ఉయ్యాల నడకయైనది. పియానో ముగింపు లేనేలేదు. గొంతు క్రింది స్థాయిలోనే మసలినది. 1970లో పాడినవాడు ఒక స్త్రీని ప్రాధేయపడుచున్నాడు. 1992లో పాడినవాడు తానొకప్పుడు ప్రాధేయపడిన సంగతి జ్ఞాపకము చేసికొనుచున్నాడు. నా మట్టుకు రెండును నిజములే. మరుసటి సంవత్సరము ఈ రెండవ రూపమునకు ఉత్తమ రాక్ గీతముగా గ్రామీ బహుమానము లభించినది. ఒక చమత్కారము: ఆ బహుమానము రచయితలిద్దరిది, క్లాప్టనుది, గోర్డనుది. గోర్డను సమకూర్చిన పియానో మాత్రము బహుమానమందిన పాటలో లేదు.

ఇట్లు మార్చిన పాట వినినప్పుడు మనకు ఎదురుదెబ్బ తగిలినట్లుండుటకు కారణమేమి? పాట ఒకే రూపమున చెవిలో పాతుకొని పోవుటయే. ఆ పాతుకొనుటలో మా రేడియోవారి చేయి తక్కువది కాదు. 78 చుట్ల పాత రికార్డు ఒక ప్రక్కన సాధారణముగ రమారమి మూడు నిమిషములే పట్టెడిది. 1948లో లాంగ్ ప్లే రికార్డు, 1949లో 45 చుట్ల చిన్న రికార్డు వచ్చినవి. పెద్ద రికార్డులో చోటు పెరిగినను, రేడియోలో వేయు పాట మాత్రము మూడు నిమిషముల అలవాటును చాలకాలము విడువలేదు. ఆలోచించి చూడగా రికార్డు అనగానేమి? ఒకనాడు ఒక స్టూడియోలో నలుగురు కూడి వాయించిన వాయింపు. మరునాడు వాయించియుండినచో మరియొక విధముగ నుండెడిదేమో! ఆ ఒక్కనాటి వాయింపునే మేము ఏండ్ల తరబడి వినిపించితిమి. వినువారు దానితోపాటు పరీక్షలకు చదివినారు, పెండ్లిండ్లు చేసికొనినారు, దూరదేశములకు పోయినారు. అందులోని గాయకుని ఉచ్ఛ్వాసము కూడ వారికి పాటలో భాగమైనది. అట్టివారు సభకు వచ్చి, టిక్కెట్టు కొని, తమ పాట తమకు దక్కలేదని నొచ్చుకొనినచో వారిని తప్పుపట్టుట నాకు చేతకాదు.

వాయించువారి వైపు నుండి కూడ చూడవలెను. ఒకే పాటను నూర్లకొలది సభలలో అచ్చుగ్రుద్దినట్లు వాయించుట ఎట్టి శిక్షయో ఊహింపవచ్చును. అయితే మార్చుటకు ఇష్టముండిన చాలదు, సదుపాయము ఉండవలెను. బీటిల్స్ బృందమువారు 1966 ఆగస్టు 29న సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్కులో తమ కడపటి టిక్కెట్టు కచేరీ చేసినారు. అభిమానుల కేకల హోరులో తమ వాద్యములు తమకే వినబడని కాలమది. ఒకరి వాయింపు ఒకరికి వినబడనిచో కొత్తదారి తొక్కుట ఎట్లు? అలవాటైన దారినే కండ్లు మూసికొని పోవలసినదే. వేదికపై వాయించువారి వైపునకు త్రిప్పిన లౌడుస్పీకర్లు వాడుకలోనికి వచ్చిన తరువాతనే పరిస్థితి మారినది.

ఈ స్వేచ్ఛను మేరకు మించి వాడుకొనినవారు కాలిఫోర్నియాలో 1965లో ఏర్పడిన ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ బృందమువారు. వారి ‘డార్క్ స్టార్’ అను పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినది. మూడు నిమిషములైనను లేదు; కొనినవారును తక్కువ. 1969 ఫిబ్రవరి 27న సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్ అను శాలలో అదే పాటను వాయించినారు. ఆ వాయింపు 23 నిమిషములు సాగినది. ఆ సంవత్సరమే వెలువడిన ‘లైవ్ డెడ్’ అను రికార్డులో ఒక ప్రక్క అంతయు అదియే. సాహిత్యము కొలదిపాటి చరణములు మాత్రమే. మిగిలిన కాలమంతయు జెర్రీ గార్షియా గిటారు ఒక స్వరమును పట్టుకొని బయలుదేరును, ఫిల్ లెష్ మంద్రగిటారు దాని వెంటపడును, ఇద్దరు డ్రమ్ములవారును వారికి దారి యిచ్చుచు పోవుదురు. నడుమ ఒక్కొక్కచోట పాట ఆనవాలే కనబడదు. వినువాడు ఇక తప్పిపోయినాననుకొనునంతలో ఎత్తుగడలోని చిన్న స్వరపుముక్క దూరమున దీపమువలె కనబడును.

ఈ బృందముతో మన దేశమునకొక సంబంధము కలదు. డ్రమ్ములు వాయించిన మిక్కీ హార్ట్, రవిశంకరునకు తబలా సహకారమునిచ్చిన ఉస్తాద్ అల్లా రఖా వద్ద లయ రహస్యములను అభ్యసించినవాడు. పై రికార్డులోనే పదునొకండు దెబ్బల లెక్కతో నడచు పాట ఒకటి ఉన్నది. దాని పేరును ‘ఎలెవెన్’ అనియే!

వీరు రాత్రికొక పాటల పట్టిక మార్చెడివారు. ఆ కారణముననే అభిమానులు టేపురికార్డరులతో వచ్చి ప్రతి సభను పట్టుకొనిపోవుట అలవాటైనది. దానిని అడ్డుకొనుటకు బదులు 1984లో వారికి సభలో వేరుగ చోటు చూపించినారు. 1995లో గార్షియా మరణించువరకు వారు చేసిన కచేరీలు రెండువేలకు పైబడినవి. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయములో చేసిన కచేరీ టేపును అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చినారు. అభిమానులలో ఒక్కొక్క తేదీనాటి వాయింపునకు వేరువేరు పక్షములున్నవి. ఏ తేదీ గొప్పదని వారు పెట్టుకొను తగవులు వినినచో మన సభలలో పాటకచేరీల పై వచ్చు తగవులే జ్ఞాపకము వచ్చును.

ఇక్కడ మనవారు, ఇందులో వింతయేమున్నది, మనోధర్మము మన సంగీతమునకు ప్రాణమే గదా అనవచ్చును. నిజమే. ఆలాపన, నెరవు, కల్పనస్వరము ఏనాడును ఒక్కతీరుగ నుండవు. కాని జాగ్రత్తగ చూచినచో మనము పెంచునది కృతి చుట్టును ఉన్న చోటును, కృతిని కాదు. ‘ఎందరో మహానుభావులు’ను ఎవరైన శ్రీరాగము విడిచి మరియొక రాగములో పాడినచో మనలో ఎందరు కూర్చుండి వినగలము? గ్రేట్‌ఫుల్ డెడ్ వారి వాయింపు మనకు కొంత సులభముగ రుచించును. పాట మూలమునే త్రవ్వి మరియొకచోట నాటినవాడు వేరొకడున్నాడు. అతడు బాబ్ డిలన్.

డిలన్ కొయ్య గిటారుతో, మౌతార్గానుతో ఒంటరిగ పాడి జానపద సంగీతాభిమానుల హృదయములను గెలిచినవాడు. 1965లో విద్యుత్ గిటారు పట్టినాడు. ఆ జూలై 25న న్యూపోర్ట్ జానపదోత్సవములో కొందరు గోలచేసినారు. మరుసటి సంవత్సరము ఇంగ్లండు యాత్రలో సభను రెండు భాగములు చేసినాడు. మొదటి భాగమున తానొక్కడే. రెండవ భాగమున బృందముతో, పెద్ద ధ్వనితో. 1966 మే 17న మాంచెస్టరులోని ఫ్రీ ట్రేడ్ హాలులో జరిగిన కచేరీ రికార్డయినది. చాలకాలము అది లండను ఆల్బర్ట్ హాలు కచేరీ యనుకొని జనులు దొంగచాటు ప్రతులు వినినారు. 1998లోగాని అధికారికముగ వెలువడలేదు. అందులో ‘ఐ డోంట్ బిలీవ్ యూ’ అను పాట ఉన్నది. 1964 నాటి రికార్డులో అది ఒంటిగిటారు పాట. ఇక్కడ దానిని బృందముతో, బరువైన నడకతో ఎత్తుకొనుచు, మునుపిది అట్లుండెడిది, ఇప్పుడిది ఇట్లున్నదని మాత్రము చెప్పినాడు. క్షమాపణ లేదు, వివరణ లేదు.

చివరి పాటకు ముందు సభలో నుండి ఒకడు ‘జూడాస్’ అని అరచినాడు. క్రీస్తును పట్టియిచ్చిన శిష్యుని పేరది. క్రైస్తవ దేశములో అంతకుమించిన తిట్టు లేదు. ఆ మాట నేను నమ్మనని డిలన్ బదులు చెప్పి, అతనిని అబద్ధీకుడనినాడు. గట్టిగ వాయింపుడని తనవారితో చెప్పి ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ ఎత్తుకొనినాడు. అతనికప్పుడు 24 ఏండ్లు. ఈ రికార్డు నేను చాలమార్లు వినినాను. మొదట డిలన్ పక్షమున ఉంటిని. ఇప్పుడు ఆ అరచినవానిపై కూడ నాకు జాలి కలుగుచున్నది. తనదనుకొనిన దానిని ఎవరో లాగికొనిపోవుచుండగా పెట్టిన కేక అది. ప్రేమ లేనివాడు టిక్కెట్టు కొని వచ్చి అట్లు అరవడు.

డిలన్ తరువాతనైన దారి మార్చుకొనలేదు. 1975 నాటి ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’ అను పాటకు 1984 నాటి కచేరీ రికార్డులో మాటలనే చాలవరకు మార్చివేసినాడు. 1988లో ఆరంభించిన దీర్ఘయాత్రలలో అతడేమి పాడుచున్నాడో ఒక చరణము గడచిన పిదపగాని సభవారికి తెలియని సందర్భములు కొల్లలు.

దీనికి పూర్తిగ ఎదురుగ నిలిచినవారు ఈగిల్స్ బృందమువారు. రికార్డులో నున్నట్లే సభలో వినిపించుట వారికి గౌరవము. అట్టివారు సయితము విడిపోయి మరల కలిసిన 1994లో ‘హోటల్ కాలిఫోర్నియా’ను కొయ్య గిటారులతో మార్చి వాయించినారు. ముందు స్పానిష్ ధోరణిలో గిటారు, వెనుక చేతి వాద్యముల చప్పుడు; సభ ఊపిరి బిగబట్టి వినును. తెలిసిన ఎత్తుగడ తల చూపగానే ఒక్కపెట్టున హర్షధ్వానము. కడపట రెండు గిటారుల జంటవాయింపును మాత్రము దాదాపు స్వరము తప్పకుండ 1976 నాటి రికార్డువలెనే ఉంచినారు. ఎక్కడ మార్చవలెనో, ఎక్కడ ముట్టరాదో ఎరిగిన పని అది.

మార్చినదంతయు మేలనుటకు లేదు. ఇరువది నిమిషముల వాయింపులలో పది నిమిషములు డ్రమ్ములవాని వ్యాయామమే అయిన సందర్భములు ఈ సంగీతములో చాల ఉన్నవి. అట్టిచోట మూడు నిమిషముల రికార్డే ముద్దు. ‘ది హూ’ బృందమువారు 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయములో ‘మై జనరేషన్’ను దాదాపు పదునైదు నిమిషములు వాయించినారు. 1965 నాటి చిన్నపాట అది. వినినచో ఎక్కడను సాగదీసినట్లుండదు. గిటారు ఆగినచోట డ్రమ్ము అందుకొనును, డ్రమ్ము తగ్గినచోట గొంతు లేచును; తమ ఇతర రచనలలోని ముక్కలు నడుమ వచ్చి పోవుచుండును. ఒకరినొకరు వినుచున్నారని మనకు తెలిసిపోవును. వయస్సు చేత శ్రుతి దించి పాడువారి సంగతి వేరు. అది నేర్పు కాదు, అవసరము. అవసరమును దాచక పాడినచో అందులోను ఒక అందము కలదు.

మా శ్రోత సంగతి చెప్పి ముగింతును. తరువాతి వారము 1970 నాటి లైలాను వేసినాము. దాని వెనువెంటనే 1992 నాటిదానిని కూడ మరల వేసినాము. రెండును కలిసి రమారమి పన్నెండు నిమిషములు పట్టినవి. ఆనాడు మరియొకరి కోరిక వాయిదా పడినది. మూడవ జాబు ఒక కార్డు మాత్రమే. “మొదటిది నాది. రెండవది మా అమ్మాయికి నచ్చినది. ఇకమీదట దానిని ఆమె పేర వేయగలరు” అని వ్రాసి, క్రింద ఆ అమ్మాయి పేరు ఇచ్చినారు.